మీకు తెలుసా? సిగరెట్ కొనాలంటే ఎక్కడ ఎన్నేళ్లు నిండాలి!

పొగాకు ఎవరికి అమ్మొచ్చు, ఎవరికి అమ్మకూడదు అనే విషయంలో దాదాపు ప్రతి దేశమూ ఒక వయసు పెట్టుకుంది. ఎక్కువ చోట్ల అది 18. కొన్నిచోట్ల 19, 20, 21. ఒక దేశంలో వయసు లెక్క పోయి పుట్టిన తేదీ లెక్క వచ్చింది. ఈ అంకెలు ఎలా పుట్టాయి, ఎలా మారాయి, వాటి బరువు చివరికి కొనేవాడి మీద పడుతుందా, అమ్మేవాడి మీదా? ఒక్కొక్కటే చూద్దాం.

ఒప్పందంలో ఒక అంకె

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 2003 మే 21న పొగాకు నియంత్రణ ఒప్పందం కుదిరింది. 2005 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఇప్పుడు 180కి పైగా దేశాలున్నాయి. మన దేశం 2004 ఫిబ్రవరిలోనే చేరింది. ఆ ఒప్పందంలోని 16వ అధికరణం పిల్లలకు పొగాకు అమ్మొద్దంటుంది. పిల్లలంటే ఎవరు? దేశం తన చట్టంలో చెప్పిన వయసు లోపువారు, లేదా 18 ఏళ్ల లోపువారు. పిల్లలకు అమ్మడమే కాదు, పిల్లల చేత అమ్మించడం కూడా కూడదని అదే అధికరణం చెబుతోంది. అమెరికా 2004లో సంతకమైతే చేసింది గానీ, ఇప్పటికీ ఆమోదించలేదు. ఇండోనేషియా సంతకమే చేయలేదు.

చక్కెర సిగరెట్లూ వద్దు

ఒకప్పుడు బడి పక్క కొట్లలో తెల్లటి చక్కెర పుల్లలు దొరికేవి. కొసకు ఎర్ర రంగు పూసి, సిగరెట్ పెట్టె లాంటి బుల్లి పెట్టెలో పెట్టి అమ్మేవాళ్లు. పిల్లలు వాటిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, పొగ వదులుతున్నట్టు నటించి, తర్వాత నమిలేసేవాళ్లు. పిల్లల్ని ఆకట్టుకునేలా పొగాకు సరుకు రూపంలో తయారుచేసే మిఠాయిలు, చిరుతిళ్లు, బొమ్మలు కూడా నిషేధించాల్సిన జాబితాలో ఉన్నాయని ఆ 16వ అధికరణమే అంటోంది. అలవాటు నోటికంటే ముందు చేతికి పడుతుందన్నది దాని వెనకున్న ఆలోచన.

జపాన్‌లో 1900 నుంచే 20

వయసు నిబంధన ఈమధ్య వచ్చిన ఆలోచన అనుకుంటే పొరపాటే. జపాన్ 1900లోనే 20 ఏళ్లలోపు వారు పొగ తాగకూడదని చట్టం చేసింది. పార్లమెంటు సభ్యుడు నెమోతో షో ఆ బిల్లు తెచ్చారు. 2022 ఏప్రిల్ 1న జపాన్ మేజర్ వయసును 20 నుంచి 18కి దించింది. అప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లు తల్లిదండ్రుల సంతకం లేకుండా అప్పు తీసుకోవచ్చు, ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు. పొగాకుకు, మద్యానికి మాత్రం 20 నిండాల్సిందే. మైనర్లు అన్న మాటకు అర్థం మారిపోయింది కాబట్టి చట్టం పేరును కూడా 20 ఏళ్లలోపు వారి ధూమపాన నిషేధ చట్టంగా మార్చారు.

ఈ చట్టం ప్రకారం తాగిన కుర్రాడికి శిక్ష లేదు. తెలిసీ ఆపని తల్లిదండ్రులకు చిన్న జరిమానా పడుతుంది. తెలిసీ అమ్మిన వ్యాపారికైతే 5 లక్షల యెన్ల దాకా పడుతుంది.

పోలీసు, పార్కు కాపలాదారు

బ్రిటన్‌లో 1908 నాటి బాలల చట్టం 16 ఏళ్లలోపు వారికి సిగరెట్లు అమ్మడాన్ని నేరం చేసింది. అంతటితో ఆగలేదు. వీధిలో పొగ తాగుతూ కనబడిన పిల్లల దగ్గర నుంచి సిగరెట్లు లాక్కునే బాధ్యతను పోలీసులతో పాటు యూనిఫారంలో ఉన్న పార్కు కాపలాదారులకూ అప్పజెప్పింది. మగపిల్లవాడైతే జేబులు వెతకొచ్చు, ఆడపిల్లనైతే వెతకకూడదు అని విడమరిచి మరీ రాశారు. ఆ 16 అనే అంకె దాదాపు వందేళ్లు కదల్లేదు. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో 2007 అక్టోబరు 1న, ఉత్తర ఐర్లండ్‌లో 2008 సెప్టెంబరు 1న అది 18 అయింది.

మన దేశంలో 1918లోనే

మన దగ్గర ఇలాంటి చట్టం 2003లోనే మొదటిసారి వచ్చిందని చాలామంది అనుకుంటారు. కానీ బ్రిటిష్ పాలనలోనే పంజాబ్ రాష్ట్రం 1918లో, బెంగాల్ 1919లో బాలల ధూమపాన చట్టాలు చేశాయి. రెండింటిలోనూ హద్దు 16 ఏళ్లే. ఇంగ్లండ్ చట్టం నీడ వాటిలో స్పష్టంగా కనిపిస్తుంది. దేశమంతటికీ వర్తించే నిబంధన రావడానికి మాత్రం ఇంకో 85 ఏళ్లు పట్టింది.

అమెరికా 21కి చేరడం ఇది రెండోసారి

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లోనే అమెరికాలోని పలు రాష్ట్రాల్లో పొగాకు కొనడానికి 21 ఏళ్లు నిండాల్సి ఉండేది. తర్వాత సిగరెట్ కంపెనీల ప్రాబల్యం పెరిగింది, హద్దు ఒక్కో రాష్ట్రంలో దిగుతూ వచ్చింది. 1992లో సైనార్ సవరణ వచ్చింది. దాన్ని తెచ్చిన ఓక్లహోమా ప్రతినిధి మైక్ సైనార్ పేరే దానికి పెట్టారు. 18 లోపు వారికి అమ్మకాన్ని నిషేధించి, అమలు చేసి చూపని రాష్ట్రానికి మత్తు వ్యసనాల నివారణకు కేంద్రం ఇచ్చే నిధుల్లో కోత పడుతుందన్నది దాని సారాంశం. డబ్బు మాట వచ్చేసరికి రాష్ట్రాలన్నీ దారిలోకి వచ్చాయి.

నీడమ్ అనే చిన్న ఊరు

మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ నగరానికి దగ్గర్లో నీడమ్ అనే ఊరుంది. 2005లో అమెరికాలో మొదటిసారిగా ఆ ఊరు హద్దును 21కి పెంచింది. చుట్టుపక్కల ఊళ్లలో మాత్రం 18 అలాగే ఉంది. పక్క ఊరికెళ్లి కొనుక్కుంటారు, దీనివల్ల ఒరిగేదేముంది అన్నారు చాలామంది. తర్వాత పరిశోధకులు హైస్కూలు పిల్లల లెక్కలు తీశారు. 2006లో నీడమ్‌లో గడిచిన నెల రోజుల్లో సిగరెట్ తాగామన్నవారు 13 శాతం. 2010కి వచ్చేసరికి అది 7 శాతం. అదే కాలంలో చుట్టుపక్కల ఊళ్లలో 15 నుంచి 12కి మాత్రమే తగ్గింది. ఒక్క ఊరు చేసిన పని దేశం మొత్తానికి వాదన అయింది.

18 కాదు, 21 ఎందుకు?

పదిహేను, పదహారేళ్ల పిల్లలకు సిగరెట్ ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువసార్లు కొట్టు నుంచి కాదు, స్నేహితుడి నుంచి. పన్నెండో తరగతిలో పద్దెనిమిది నిండినవాడు ఒకడుంటే చాలు, వాడే తరగతి మొత్తానికీ సరఫరాదారు. 21 ఏళ్లవాళ్లు హైస్కూలు స్నేహాల్లో ఉండరు. హద్దు పెంచితే ఆ గొలుసు తెగుతుంది. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015 మార్చిలో ఇచ్చిన నివేదిక ఇదే చెప్పింది. 21 చేస్తే ఎక్కువ మేలు 18 నుంచి 20 ఏళ్ల వాళ్లకు కాదు, 15 నుంచి 17 ఏళ్ల వాళ్లకట. దేశమంతటా అప్పుడే అమలు చేస్తే 2000 నుంచి 2019 మధ్య పుట్టినవారిలో దాదాపు 2,23,000 అకాల మరణాలు తప్పుతాయని అంచనా వేసింది.

కంపెనీకి ముందే తెలుసు

ఈ లెక్క వైద్యుల కంటే ముందు వ్యాపారులకు తట్టింది. ఫిలిప్ మోరిస్ కంపెనీ 1986లో తన అంతర్గత నివేదికలో, కొనుగోలు వయసును 21కి పెంచితే 17 నుంచి 20 ఏళ్ల యువకుల మార్కెట్ చెల్లాచెదురవుతుందని రాసుకుంది. తర్వాత కోర్టు వ్యాజ్యాల్లో బయటికొచ్చిన లక్షలాది పత్రాల్లో ఇదీ ఒకటి. పలు రాష్ట్రాల్లో 18 లోపు వారికి అమ్మడం నేరంగా ఉన్న కాలంలో, ఆ కంపెనీ తన మార్కెట్‌ను 17 నుంచి లెక్కపెట్టుకుంది!

ఒక్క సంతకంతో

రాష్ట్రంగా 21 పెట్టిన మొదటిది హవాయి, 2016 జనవరి 1న. 2019 చివరికి ఆ బాటలో 19 రాష్ట్రాలు నడిచాయి. ఆ ఏడాది డిసెంబరు 20న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఖర్చుల బిల్లులో ఒక మూలన పొగాకు వయసు నిబంధన కూడా ఉంది. దాంతో దేశమంతా 21 అయింది. సైనికులకు మినహాయింపు లేదు. నిన్నటిదాకా కొంటున్న పంతొమ్మిదేళ్ల వాళ్లకూ లేదు. అయితే ఈ కేంద్ర చట్టం కొన్న కుర్రాడిని శిక్షించదు, అమ్మిన దుకాణాన్నే పట్టుకుంటుంది. ఇంటర్ కాగానే డిగ్రీ చదువుకు అమెరికా వెళ్లే మన తెలుగు పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి. విజయవాడలో చట్టం ప్రకారం కొనగలిగినవాడు డాలస్‌లో కొనలేడు.

ముప్పై ఏళ్ల ముఖానికీ కార్డు

2024 సెప్టెంబరు 30 నుంచి అమెరికా దుకాణదారులు 30 ఏళ్లలోపు వయసువారిని తప్పనిసరిగా ఫొటో గుర్తింపు కార్డు అడగాలి. అంతకుముందు ఆ హద్దు 27. హద్దు 21 అయినప్పుడు 29 ఏళ్లవాణ్ణి ఎందుకడగాలి? ముఖం చూసి వయసు చెప్పడం ఎవరికీ సరిగా రాదు కాబట్టి. బ్రిటన్ దుకాణాల్లో కూడా పాతికేళ్లలోపు కనిపిస్తే కార్డు అడిగే పద్ధతి ఉంది. స్కాట్లండ్‌లో 2017 నుంచి అది చట్టమే అయింది.

యంత్రానికి వయసు చూపడమెలా?

జపాన్‌లో వీధి వీధినా సిగరెట్ యంత్రాలుండేవి. నాణెం వేస్తే పెట్టె వచ్చేది. వేసింది ఎవరో యంత్రానికి తెలియదు. అందుకని 2008లో టాస్పో అనే కార్డు తెచ్చారు. వయసు రుజువు చూపి తీసుకున్న ఆ కార్డు తాకిస్తేనే యంత్రం సరుకిచ్చేది. ముఖం చూసి వయసు అంచనా వేసే యంత్రాలు కూడా అప్పుడే వచ్చాయి. పత్రికలో అచ్చయిన పెద్దవాళ్ల ఫొటో చూపిస్తే కొన్ని యంత్రాలు బుట్టలో పడ్డాయని విలేకరులు ప్రయత్నించి మరీ రాశారు. కార్డు చదివే పరికరాలు నడిచే 3జీ నెట్‌వర్క్ మూతపడుతుండటంతో, 2026 మార్చితో టాస్పో సేవను ముగించాలని నిర్ణయించారు.

జర్మనీలో బ్యాంకు కార్డు చిప్ ద్వారా, ఇటలీలో ప్రభుత్వ ఆరోగ్య కార్డు ద్వారా యంత్రాలు వయసు సరిచూస్తాయి. మన దేశంలో ఈ తంటా లేదు. పొగాకు అమ్మే యంత్రాలనే నిబంధనలు ఒప్పుకోవు.

కొరియాలో ఏటికేడు ఒకటే పండగ

దక్షిణ కొరియాలో హద్దు 19. కానీ పుట్టినరోజుతో పని లేదు. ఏ సంవత్సరంలో 19 నిండుతుందో ఆ సంవత్సరం జనవరి 1 నుంచే కొనొచ్చు. అంటే 2007 జనవరి 1న పుట్టినవాడికీ, అదే ఏడాది డిసెంబరు 31న పుట్టినవాడికీ ఒకే రోజున, 2026 జనవరి 1న అర్హత వస్తుంది. ఒకడికి ఆ రోజు సరిగ్గా 19, ఇంకొకడికి 18 మీద ఒక్కరోజు. 2023 జూన్‌లో కొరియా తన సంప్రదాయ వయసు లెక్కలు మానేసి అంతర్జాతీయ పద్ధతికి మారింది. మద్యం, పొగాకు విషయంలో మాత్రం ఈ సంవత్సరం లెక్కనే ఉంచుకుంది. ఒకే తరగతి పిల్లల మధ్య తేడా రాకూడదన్నది ఉద్దేశం.

ఆసియాలో అంకెలు

శ్రీలంకలో 2006 నాటి చట్టంతోనే 21. సింగపూర్ మెట్లెక్కినట్టు వెళ్లింది: 2019 జనవరి 1న 19, 2020లో 20, 2021లో 21. అక్కడ వయసు చాలకుండా కొన్నా, తాగినా, దగ్గర పెట్టుకున్నా కుర్రాడికి 300 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా ఉంటుంది. థాయ్‌లాండ్ 2017లో 20 చేసింది, ఒక్కొక్క సిగరెట్ విడిగా అమ్మడాన్ని కూడా ఆపేసింది. తైవాన్ 2023 మార్చిలో 20కి వచ్చింది. మంగోలియా, కజకిస్తాన్‌లలో 21. మన కడప, గోదావరి జిల్లాల వాళ్లు ఎక్కువగా పనికి వెళ్లే కువైట్‌లోనూ 21. ఒప్పందంలో చేరని ఇండోనేషియా సైతం 2024 జూలైలో 18ని 21 చేసింది, బడులకు 200 మీటర్ల లోపు అమ్మకూడదంది.

నేపాల్‌లో మరొకరికి కూడా

నేపాల్ 2011 చట్టం 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మకూడదంటుంది. అదే వాక్యంలో గర్భిణులను కూడా చేర్చింది. అమ్మడమే కాదు, ఊరికే ఇవ్వడం కూడా కూడదు. కొట్టువాడి ముందుకొచ్చిన మనిషి వయసు మాత్రమే కాక, ఆమె కడుపులోని బిడ్డ సంగతి కూడా చట్టం పట్టించుకుందన్నమాట.

పూర్తిగా ఆపి, మళ్లీ తెరిచిన భూటాన్

భూటాన్ 2004 డిసెంబరులో వయసు గొడవే లేకుండా పొగాకు అమ్మకాన్ని అందరికీ ఆపేసింది. 2010 చట్టం ఇంకా కఠినం. పన్ను కట్టిన రసీదు లేకుండా కాస్త నమిలే పొగాకు దగ్గర పెట్టుకున్నందుకు 2011లో ఒక బౌద్ధ భిక్షువుకు మూడేళ్ల జైలు పడింది. ఆ తీర్పు మీద దేశమంతా గగ్గోలు పుట్టి, తర్వాత చట్టాన్ని సడలించారు. కరోనా కాలంలో సరిహద్దు దాటి సాగే దొంగ రవాణాతో పాటు జబ్బు కూడా వస్తుందన్న భయంతో 2021లో అమ్మకాలకు అనుమతిచ్చారు. ఇప్పుడు అక్కడా పద్దెనిమిదే హద్దు.

యూరప్‌లో పదహారు పోయిన తీరు

పదహారేళ్లకు సిగరెట్ కొనుక్కోగల యూరప్ నిన్న మొన్నటిదే. స్పెయిన్ 2006లో, జర్మనీ 2007లో, ఫ్రాన్స్ 2009లో, ఇటలీ 2013లో, నెదర్లాండ్స్ 2014లో 16ని వదిలి 18కి వచ్చాయి. ఆస్ట్రియా, బెల్జియం 2019 దాకా ఆగాయి. స్విట్జర్లాండ్‌లో ఒక్కో కాంటన్‌ది ఒక్కో నిబంధనగా ఉండేది. 2024 అక్టోబరు 1 నుంచే దేశమంతా 18 అయింది. ఇప్పుడు కొందరు మరో మెట్టు ఎక్కుతున్నారు. లాత్వియా 2025 జనవరి 1న 20 చేసింది. ఐర్లండ్ 2028 ఫిబ్రవరి 1 నుంచి 21 చేయాలని 2024 చివర్లో చట్టం చేసింది. మూడేళ్లకు పైగా గడువెందుకు? చట్టం వచ్చేనాటికే 18 నిండినవాళ్లు ఆ తేదీకి 21 దాటేస్తారు. ఉన్న హక్కు ఎవరికీ పోదు.

గుంటూరు ఆకు, బెల్జియం రేవు

పొగాకు బోర్డు 1976లో ఏర్పడింది, దాని ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉంది. ప్రకాశం, నెల్లూరు, గోదావరి జిల్లాల్లో పండే వర్జీనియా పొగాకులో పెద్ద వాటా ఎగుమతికే పోతుంది. మన పొగాకును ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశాల్లో బెల్జియం ఒకటి. 2019 నవంబరు 1 వరకు బెల్జియంలో పదహారేళ్ల పిల్లలు సిగరెట్ కొనుక్కోగలిగేవారు. ఆకు పండించిన ఊళ్లో పదిహేడేళ్ల కుర్రాడికి చట్టం వద్దన్న సరుకు, ఓడెక్కి వెళ్లిన చోట అదే వయసువాడికి దర్జాగా దొరికేది.

ఒకే దేశంలో మూడు అంకెలు

కెనడా కేంద్ర చట్టం 18 అంటుంది. చాలా ప్రావిన్సులు 19 అంటాయి. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ అనే చిన్న ప్రావిన్సు 2020 మార్చి 1 నుంచి 21 అంటోంది.

గణిత ఆచార్యుడి ఆలోచన

వయసు హద్దు ఎంత పెంచినా ఒకరోజు అది దాటిపోతుంది. పైగా, ఫలానా వయసు తర్వాత తాగితే ఫరవాలేదన్న అర్థం కూడా ఇస్తుంది. అలాంటప్పుడు వయసును వదిలేసి పుట్టిన సంవత్సరాన్ని పట్టుకుంటే? 2000 నుంచి పుట్టినవాళ్లకు ఎప్పటికీ అమ్మకూడదు అనే ప్రతిపాదన 2010లో సింగపూర్ నుంచి ఒక వైద్య పత్రికలో వచ్చింది. రాసినవాళ్లలో జాన్ బెరిక్ అనే గణిత ఆచార్యుడు ఒకరు. ఈ లెక్కలో ఇప్పుడు తాగుతున్న ఎవరి సిగరెట్టూ లాక్కోనక్కర్లేదు. కొత్తవాళ్లు చేరరు, అంతే. సింగపూర్ దీన్ని తీసుకోలేదు గానీ, ఆలోచన ఊళ్లు, దేశాలు తిరిగింది.

ముందుకెళ్లి వెనక్కి

న్యూజిలాండ్ 2022 డిసెంబరులో ఈ పద్ధతికి చట్టం చేసింది. 2009 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి ఎన్నటికీ అమ్మకూడదు. సుమారు 6,000 ఉన్న దుకాణాలను 600కి కుదించాలి. సిగరెట్లలో నికోటిన్ బాగా తగ్గించాలి. ఇవేవీ అమలు కాకముందే ప్రభుత్వం మారింది, 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం చట్టాన్ని రద్దు చేసింది. మలేషియా 2007 నుంచి పుట్టినవారికి ఇలాంటి నిబంధనే పెట్టబోయింది. పౌరులందరూ సమానమన్న రాజ్యాంగ సూత్రానికి విరుద్ధమన్న అభ్యంతరంతో 2023లో ఆ భాగాన్ని తొలగించింది. ఫిలిప్పీన్స్ అయితే వేప్‌ల (ఈ-సిగరెట్ల) కొనుగోలు వయసును 2022లో 21 నుంచి 18కి దించింది. హద్దులు పైకే వెళ్లాలని ఎక్కడా రాసిలేదు.

ఒక్కరోజు తేడా, జీవితకాలం తేడా

బ్రిటన్‌లో అప్పటి ప్రధాని రిషి సునాక్ 2023లో ప్రకటించిన ఇలాంటి పథకం ఎన్నికల వల్ల ఆగిపోయింది. తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వం 2024 నవంబరులో మళ్లీ బిల్లు తెచ్చింది. 2025 మార్చిలో కామన్స్ సభ దాన్ని ఆమోదించింది. 2009 జనవరి 1న గానీ తర్వాత గానీ పుట్టినవారికి పొగాకు అమ్మకూడదన్నది అందులోని ప్రధాన అంశం. ఈ లెక్కన 2050లో 41 ఏళ్ల మిత్రులిద్దరు ఒక కొట్టుకు వెళితే, 2008 డిసెంబరు 31న పుట్టినవాడికి సిగరెట్ ఇస్తారు. మరుసటి రోజు పుట్టినవాడికి ఇవ్వరు.

మాల్దీవులే మొదటివి

ఒక తరం మొత్తానికి నిషేధాన్ని నిజంగా అమలులోకి తెచ్చిన మొదటి దేశం మాల్దీవులు. 2025 నవంబరు 1 నుంచి, 2007 జనవరి 1న గానీ తర్వాత గానీ పుట్టినవారు అక్కడ పొగాకు కొనకూడదు, వాడకూడదు. ఇది విహారయాత్రకు వచ్చినవారికీ వర్తిస్తుంది. వేప్‌లైతే ఏ వయసువారికీ కుదరవు. హైదరాబాద్ నుంచి అక్కడికి కుటుంబంతో వెళ్లేవాళ్లు పాస్‌పోర్టులో పిల్లల పుట్టిన తేదీ ఒకసారి చూసుకోవడం మంచిది.

దేశాల కంటే ముందే ఒక ఊరు ఈ పని చేసింది. మసాచుసెట్స్‌లోని బ్రూక్‌లైన్ 2000 జనవరి 1 నుంచి పుట్టినవారికి అమ్మకాన్ని 2021లో ఆపేసింది. దుకాణదారులు కోర్టుకెళ్లారు. రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2024 మార్చిలో ఊరి పక్షానే నిలిచింది.

మన దగ్గర: రుజువు కొట్టువాడిదే

మన 2003 పొగాకు చట్టం 6వ సెక్షన్ రెండు మాటలు చెబుతుంది. 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు. విద్యాసంస్థకు నూరు గజాల లోపు ఎవరికీ అమ్మకూడదు. అమ్మే చోట 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పుతో స్థానిక భాషలో బోర్డు పెట్టాలి. కొన్నవాడు మైనర్ కాదని నిరూపించాల్సిన భారం అమ్మినవాడిదే. అనుమానం వస్తే వయసు రుజువు అడగొచ్చు. 18 లోపు పిల్లల్ని కొట్లో కూర్చోబెట్టి పొగాకు అమ్మించడమూ కుదరదు. సిగరెట్లే కాదు, బీడీ, చుట్ట, ఖైనీ, ముక్కుపొడుం అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఈ-సిగరెట్లకు మాత్రం వయసు హద్దు లేదు, 2019 చట్టంతో వాటి అమ్మకమే నిషిద్ధం.

రెండు వందలా, ఏడేళ్లా?

6వ సెక్షన్ ఉల్లంఘిస్తే జరిమానా 200 రూపాయల దాకా. మంచి రకం సిగరెట్ పెట్టె ధర కంటే ఇది తక్కువే. కానీ ఇంకో చట్టం ఉంది. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం 18 లోపు పిల్లలకు మద్యం, మాదకద్రవ్యాలతో పాటు పొగాకు ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. ఒకే పనికి రెండు చట్టాలు, మధ్యలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం. హద్దు పెద్దదా చిన్నదా అన్నది తర్వాతి మాట. ఏ సెక్షన్ కింద కేసు రాస్తారన్న దాన్ని బట్టే ఆ హద్దుకు విలువ వస్తుంది.

హిందూపురంలో ఒకటి, గౌరీబిదనూరులో ఒకటి

కర్ణాటక తన సవరణతో పొగాకు కొనుగోలు వయసును 21కి పెంచింది. 2025 మేలో దానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. జరిమానా కూడా 200 నుంచి 1,000కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 18 అలాగే ఉంది. కాబట్టి పంతొమ్మిదేళ్ల కుర్రాడికి హిందూపురం కొట్లో చట్టం అడ్డు రాదు. రాష్ట్ర సరిహద్దు దాటి గౌరీబిదనూరు వెళితే అడ్డొస్తుంది. బెంగళూరులో ఇంజనీరింగ్ చదివే మన పిల్లలకు వర్తించేదీ కర్ణాటక నిబంధనే.

నాన్న పంపితే?

ఇంట్లో పెద్దవాళ్లు డబ్బులిచ్చి, సిగరెట్ పెట్టె పట్టుకురమ్మని పిల్లల్ని పంపడం మన వీధుల్లో మామూలే. నాకు కాదు, మా నాన్నకు అంటే చట్టం ఒప్పుకుంటుందా? ఒప్పుకోదు. ఎవరికోసమన్నది 6వ సెక్షన్ అడగదు, చేయి చాచిన మనిషి వయసే అడుగుతుంది. బ్రిటన్ 1908 చట్టం కూడా సిగరెట్ల విషయంలో, తన కోసమా కాదా అన్న దానితో పని లేదని చెప్పింది. అయితే అందులో ఒక మినహాయింపు పెట్టారు: యూనిఫారం వేసుకుని, కంపెనీ ఉద్యోగంలో సందేశాలు మోసే కుర్రాళ్లకు ఆ నిబంధన వర్తించదు. మన చట్టంలో ఆ వెసులుబాటు కూడా లేదు. యూనిఫారం వేసుకున్నా, నాన్న చీటీ రాసిచ్చినా, పదిహేడేళ్ల వాడికి పెట్టె అందించిన కొట్టువాడు తప్పు చేసినట్టే.